ఊపిరి తీసుకోవడానికి చోటున్న పాట

మన హాస్పిటల్లో రౌండ్స్ అంటే అందరికీ తెలిసినదే. ఉదయం తొమ్మిది కాగానే సిస్టర్లు దుప్పట్లు సరిచేస్తారు, అటెండెంట్లను వరండాలోకి వెళ్ళమంటారు, డాక్టరుగారు మంచం మంచానికీ వస్తారు. ఈ నెల మేము చెప్పబోయే రౌండు అది కాదు, పాట. శనివారం సాయంత్రం నర్సింగ్ స్కూలు హాలు ప్రక్కగా వెళ్ళినవారు, ఒకే పాటను నాలుగు గుంపులు ఒకరి వెనుక ఒకరు పాడుతుంటే విని "వీళ్ళకు ఇంకా కలవడం రాలేదు కాబోలు" అనుకొని ఉంటారు. ఒక పెద్దమ్మగారు కిటికీలోంచి తొంగిచూసి, "అందరూ ఒక్కసారే ఎత్తుకోరాదా నాయనా" అని సలహా కూడా ఇచ్చారు. వేరువేరుగా ఎత్తుకోవడమే ఈ పాట పద్ధతి అని చెప్పాము. ఆమె నమ్మలేదు. ఆ తరువాతి శనివారం నుండి ఆమె రెండవ గుంపులో పాడుచున్నారు.

ఈ వ్యాసం వ్రాస్తున్నది మేము ఇద్దరము. ఒకరిది ఫిజియోథెరపీ గది, మరొకరిది హార్మోనియం. మాలో ఎవరమూ సంగీతంలో పెద్ద చదువు చదివినవారము కాము. శనివారం వచ్చేవారిలో స్టాఫ్ నర్సులు, సంఘపు కుటుంబాలవారు, ఓ.పి.కి వచ్చి పాట విని ఆగిపోయినవారు, నైటు డ్యూటీకి ముందు ఓ అరగంట కూర్చుని పోయే వాచ్‌మెన్ తమ్ముడు కూడా ఉన్నారు. చాలామందికి స్టాఫ్ నొటేషన్ రాదు. కొందరికి అక్షరాలే రావు. ఇటువంటివారితో రౌండు పాట ఎలా తయారుచేసుకున్నామో, ఎక్కడ బోర్లాపడ్డామో చెప్పమని పాఠకులు కొందరు అడిగినందున వ్రాస్తున్నాము.

ముందు రౌండు అంటే ఏమిటో చూద్దాము. పాట ఒక్కటే. మొదటి గుంపు మొదటి లైను పాడి రెండవ లైనుకు వెళ్ళగానే, రెండవ గుంపు మొదటి లైను ఎత్తుకుంటుంది. మొదటి గుంపు మూడవ లైనుకు పోయేసరికి మూడవ గుంపు మొదలవుతుంది. అలా నాలుగు గుంపులూ లోపలికి వచ్చాక, ఒకే క్షణంలో నాలుగు లైన్లూ కలిసి వినబడుతుంటాయి. చివరి లైను అయిన గుంపు ఆగకుండా మళ్ళీ మొదటికి వస్తుంది. మా పెద్దమ్మగారు దీనికి "తిరగలి పాట" అని పేరు పెట్టారు. నిజమే, తిరగలి పిడి ఎవరి చేతిలోకి వచ్చినప్పుడు వారు తిప్పుతారు గాని రాయి ఆగదు గదా. ఇంగ్లీషు మీడియం పిల్లలకు "బ్రదర్ జాన్" పాట ద్వారా ఇది తెలిసే ఉంటుంది. ఫ్రెంచివారి పాట అది.

ఈ పద్ధతి చాలా పాతది. ఇంగ్లండులోని రీడింగ్ మఠానికి చెందిన ఒక వ్రాతప్రతిలో 13వ శతాబ్దపు రౌండు ఒకటి ఉంది. ప్రస్తుతం అది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. వేసవి వచ్చిందని, కోకిల కూస్తుందని దాని మాటలు. వాటి క్రిందనే అదే రాగానికి లాటిన్‌లో క్రీస్తును గూర్చిన మాటలు కూడా వ్రాసి ఉన్నాయి. ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలో, కనీసం ఎంతమంది ఉండాలో ఆ పేజీలోనే సూచనలున్నాయి. అంటే 750 ఏళ్ళ క్రితం కూడా క్వయర్ నడిపేవారికి మా తలనొప్పులే ఉన్నాయన్నమాట! 1609లో థామస్ రావెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన "పమ్మెలియా" పేరుతో 100 రౌండు పాటలను అచ్చువేశాడు. ఇంగ్లీషులో ఇటువంటి పాటలతో అచ్చయిన మొదటి పుస్తకం అదే. 1567 ప్రాంతంలో థామస్ టాలిస్ కట్టిన రాగం ఒకటి ఇప్పటికీ సాయంకాల ఆరాధనలలో పాడతారు. అందులో ఒక గొంతు పాడినదానినే మరొక గొంతు కొంచెం వెనుకగా అనుసరిస్తుంది. మన కాలానికి వస్తే, ఫ్రాన్స్‌లోని తెజే సహవాసం కోసం జాక్ బెర్తియే చిన్న చిన్న పాటలు వ్రాశాడు. 1994లో చనిపోయాడాయన. రకరకాల భాషలవారు ఒక్క పూటలో నేర్చుకోగలిగేలా వాటిని కట్టాడు. వాటిలో కొన్ని రౌండులే.

మన తెలుగు సంఘాలలో ఈ అలవాటు లేదు. మన కీర్తనలకు ఒక్కటే రాగపు వరుస. పురుషోత్తమ చౌదరిగారి కాలం నుండి, అంటే 1803–1890 మధ్య జీవించిన ఆ భక్తుని కాలం నుండి, కీర్తన పైన రాగము తాళము వేసుకొని అందరము ఒకే గొంతుగా పాడుకొంటున్నాము. అది గొప్ప ఆస్తి. దానిని మార్చాలని మేము అనుకోలేదు. రౌండు జోలికి మేము పోవడానికి కారణం వేరే ఉంది.

మా క్వయర్‌లో రిటైరైన కాంపౌండరుగారు ఒకరున్నారు. అందరమూ ఆయనను బాబాయిగారు అంటాము. గంభీరమైన క్రింది గొంతు. ముప్ఫై ఏళ్ళు చుట్ట, బీడీ కాల్చి, మానేసి పదేళ్ళు దాటింది. మానేసినా ఊపిరితిత్తులు పాత లెక్క మరచిపోలేదు. డాక్టరుగారు ఆయన జబ్బును సి.ఓ.పి.డి. అని చెప్పారు. ఇందులో గాలి లోపలికి రాకపోవడం కన్నా, లోపలికి వచ్చినది పూర్తిగా బయటకు పోకపోవడం పెద్ద కష్టం. పాత గాలి లోపల నిలిచిపోయి క్రొత్త గాలికి చోటు ఉండదు. కీర్తన పల్లవి సగంలోకి వచ్చేసరికి ఆయన ముఖం ఎర్రబడేది, ఆగిపోయేవారు. అందరి గొంతూ కలిసి వెళ్తుండగా ఒక్కరు ఆగితే ప్రక్కవారికి తెలుస్తుంది. ఆయనకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఒక శనివారం సాధన అయిపోయాక హార్మోనియం దగ్గరకు వచ్చి, "అమ్మా, వచ్చే వారం నుండి నేను రానులే. లైను మధ్యలో తెగిపోతోంది నాకు. మీ పాటకు గంతలు పడుతున్నాయి" అన్నారు. ప్రక్కన కూర్చొని వింటూ ఉండండి బాబాయిగారూ అన్నాము. "వినడానికైతే ఇంట్లో రేడియో ఉందిగా" అన్నారు. ఆ మాట మమ్మల్ని రెండు మూడు రోజులు వదలలేదు. భార్య పోయిన తరువాత ఆయన వారంలో ఇల్లు కదిలి వచ్చే చోట్లు రెండే. ఒకటి ఆదివారం ఆరాధన, రెండవది ఈ సాధన.

ఫిజియోథెరపీ గదిలో ఆయనకు మేమే నేర్పిన వ్యాయామం ఒకటుంది. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేయబోతున్నట్టు పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సమయం నెమ్మదిగా వదలాలి. పాట కూడా ఇంచుమించు అదే పని, కాకపోతే పాటలో వదలడానికీ పీల్చడానికీ సమయం నిర్ణయించేది పాట కట్టినవాడు. మరి మనకు కావలసినచోట ఊపిరి పెట్టి పాట కట్టుకుంటే? గంత పడినా వినబడని పాట ఏదైనా ఉంటుందా? అప్పుడు గుర్తుకొచ్చింది రౌండు. అందులో ఒక గుంపు ఆగినప్పుడు మిగతా మూడు గుంపులు పాడుతూనే ఉంటాయి గదా.

మొదటి ప్రయత్నం ఘోరంగా పోయింది. దాచుకోవడం ఎందుకు, చెబుతాము. తెల్లవారు జాము పాట గనుక మాయామాళవగౌళ అయితే బాగుంటుందనుకున్నాము. సంగీతం నేర్చుకొనే ప్రతి పిల్లా మొదట పాడే రాగం, అందరి చెవిలో ఉంటుంది అని మా ధీమా. నాలుగు లైన్లు చక్కగా వచ్చాయి. విడిగా పాడితే కళ్ళు మూసుకొని వినాలనిపించేది. రెండు గుంపులుగా పాడించగానే కంకర నమిలినట్టయింది. కారణం హార్మోనియం మీద చూస్తేగాని అర్థం కాలేదు. ఆ రాగంలో స-రి, గ-మ, ప-ధ, ని-స ఈ నాలుగు చోట్లా స్వరాలు పక్కపక్క మెట్ల మీద ఉంటాయి. ఒకరి తరువాత ఒకటిగా వస్తే అదే దాని అందం. రెండూ ఒకేసారి మోగితే మాత్రం చెవి ముడుచుకుపోతుంది. పైగా నాలుగు లైన్లూ ఒకే ఎత్తులో, ఒకే నడకలో వ్రాశాము. ఏ మాట ఎవరిదో తెలియక అంతా గుజ్జైపోయింది. ఒక నర్సమ్మాయి "అక్కా, క్యాజువాలిటీలో ఇద్దరు పేషెంట్ల బంధువులు ఒకేసారి మాట్లాడినట్టుంది" అన్నది. అంతకన్నా సరిగా ఎవరు చెప్పగలరు!

రెండవసారి రాగం మార్చి మోహన తీసుకున్నాము. స రి గ ప ధ, ఐదే స్వరాలు. మ లేదు, ని లేదు, కాబట్టి పక్కపక్క మెట్లు ఎక్కడా రావు. పొరపాటున ఎవరైనా ఒక దెబ్బ ముందు ఎత్తుకున్నా పెద్ద ప్రమాదం జరగదు. క్రొత్తగా రౌండు వ్రాయాలనుకొనేవారికి మా సలహా, మోహనతో మొదలుపెట్టండి. గమకాలు తగ్గించండి. సోలోలో స్వరాన్ని ఊపితే ఇంపుగా ఉంటుంది గాని, నాలుగు గుంపులు నాలుగు రకాలుగా ఊపితే ఏ స్వరమూ నిలవదు.

మరొక మార్పు ఇంకా ముఖ్యమైనది. కీర్తన వ్రాసేటప్పుడు ఎడమ నుండి కుడికి వ్రాసుకుంటూ పోతాము. రౌండును మాత్రం పైనుండి క్రిందికి చూసుకుంటూ వ్రాయాలి. పాత టెంపరేచర్ చార్టు వెనుక అడ్డంగా ఎనిమిది గళ్ళు, నిలువుగా నాలుగు వరుసలు గీశాము. ఎనిమిది గళ్ళు ఆది తాళపు ఎనిమిది దెబ్బలు. ప్రతి వరుస ఒక లైను. ఒక గడిలో స్వరం వేసినప్పుడల్లా దాని పైన క్రింద ఏముందో చూసుకోవాలి. స, గ, ప కలిస్తే నిండుగా ఉంటుంది. రి, ధ కలిస్తే కొంచెం ఖాళీగా, తేలికగా ఉంటుంది. గళ్ళు నిలువునా కుదిరాయంటే, ఎవరు ఎప్పుడు ఏ లైనులో ఉన్నా పాట కుదురుతుంది. వరుస వరుసకూ నడక మార్చాలి. ఒకటి నింపాదిగా, ఒకటి చకచకా, ఒకటి సాగదీసి. అప్పుడే మాటలు ఒకదాని చాటున ఒకటి మునిగిపోకుండా ఉంటాయి.

మాటల విషయంలో తెలుగు మనకు మంచి సాయం చేస్తుంది. దీర్ఘాలు, ఒత్తుకు ముందున్న అక్షరాలు దెబ్బ మీద పడాలి. రెండు పొట్టి అక్షరాలు ఒక దెబ్బలో ఇముడుతాయి. "కిటికీ" అన్నామనుకోండి, "కిటి" ఒక దెబ్బ, "కీ" ఒక దెబ్బ. దీనికి విరుద్ధంగా వేస్తే పాడేవారి నాలుక తడబడుతుంది. వారు తమకు పాట రాదనుకొని సిగ్గుపడతారు, తప్పేమో వ్రాసినవారిది.

చివరకు తయారైన పాట ఇది. శృతి ఒకటి, అంటే హార్మోనియం మీద సి మెట్టు. ఒక్కొక్క గీత మధ్య ఒక్కొక్క దెబ్బ. అడ్డగీత ఉన్న చోట ఆ స్వరాన్ని సాగదీయాలి. సున్నా ఉన్న చోట నోరు మూసుకొని ముక్కుతో గాలి పీల్చాలి.

మొదటి లైను: తెల్లవారె లేవండి
స | స | గ | గ | రి | రి | స | ౦

రెండవ లైను: కిటికీ తలుపులు తీయండి
గగ | గ | పప | గగ | రి | రి | గ | ౦

మూడవ లైను: గాలీ రావే
ప | – | పై స | – | ధ | – | ప | –

నాలుగవ లైను: హాయి, హాయి, హాయి
సస | ౦ | ౦ | ౦ | క్రింది ధధ | ౦ | సస | ౦

నిలువునా చూడండి. మొదటి దెబ్బ మీద స, గ, ప, స. మూడవ దెబ్బ మీద గ, ప, పై స. అయిదవ దెబ్బ మీద రి, రి, ధ, క్రింది ధ. ఏడవ దెబ్బ మీద మళ్ళీ స, గ, ప, స. ఏ గడిలోనూ పక్కపక్క స్వరాలు కలవడం లేదు. పల్లవి లేదు, చరణాలు లేవు, నాలుగు లైన్లకు పిల్లలు కూడా అయిదు నిమిషాలలో నేర్చుకుంటారు.

నాలుగవ లైను బాబాయిగారి కోసం వ్రాసినది. ఎనిమిది దెబ్బలలో పాడవలసినవి మూడే, మిగతా అయిదూ ఊపిరికే. సెకనుకు ఒక దెబ్బ చొప్పున పాడితే మొదటి "హాయి" తరువాత మూడు సెకన్లు తీరికగా గాలి పీల్చుకోవచ్చు. ఆ సమయంలో పాట ఆగదు, మిగిలిన ముగ్గురూ పాడుతూనే ఉంటారు. పైగా ఆ ఖాళీ తప్పు కాదు, పాటలో వ్రాసి ఉన్నదే. మొదటిసారి పాడినప్పుడు ఆయన లైను పూర్తిచేసి మా వంక చూసి, "ఎవరో కావాలని వ్రాసినట్టుందే ఇది" అన్నారు. మేము హార్మోనియం బెల్లోస్ సరిచేసుకుంటున్నట్టు తల వంచుకున్నాము.

నేర్పించే విషయానికి వస్తే, మేము చేసిన తప్పులలో పెద్దది మొదటి రోజే గుంపులు విడదీయడం. అలా చేయవద్దు. ముందు అందరూ కలిసి పాట మొత్తం నేర్చుకోవాలి, బోర్డు చూడనవసరం లేనంతవరకు. భజనలో ఒకరు అంటే అందరూ అందుకుంటారే, ఆ పద్ధతి మనవారికి పుట్టుకతో వచ్చినది. మేము ఒక లైను పాడతాము, వారు తిరిగి పాడతారు. కాగితాలు పంచలేదు. కాగితం చేతిలో ఉంటే కళ్ళు కాగితం మీదనే ఉంటాయి, చెవులు కూడా అక్కడే ఉండిపోతాయి. చదువు రాని అమ్మలు చదువు వచ్చినవారికంటే ముందుగా నేర్చుకోవడం చూసి మాకే ఆశ్చర్యమైంది. ఆలోచిస్తే ఆశ్చర్యమేముంది, వారికి వినడమే అలవాటు.

మరుసటి వారం రెండే గుంపులు. ఇక్కడ అసలు కష్టం రెండవ గుంపుది. మొదటివారు హుషారుగా వెళ్ళిపోతుంటే, వారి మాట చెవిన పడుతుండగా తాము వెనుకనుండి మొదలుపెట్టాలి. అందుకని గట్టి గొంతున్నవారినందరినీ మొదటి గుంపులో పెట్టకండి. రెండవ గుంపులో కనీసం ఇద్దరు గుండె నిబ్బరం ఉన్నవారు ఉండాలి. మా రెండవ గుంపును ఇప్పుడు మోస్తున్నది, మొదట కిటికీలోంచి సలహా ఇచ్చిన ఆ పెద్దమ్మగారే! చెవులు మూసుకొని పాడడం కొందరికి అలవాటవుతుంది. దానిని మొదటనే మాన్పించాలి. ప్రక్క గుంపు వినబడనంత గట్టిగా పాడుతున్నామంటే మనం ఎక్కువ పాడుతున్నామని అర్థం. వరుసలలో కాక గుండ్రంగా నిలబడితే ఒకరికొకరు బాగా వినబడతారు. ఆయాసం ఉన్నవారికి కుర్చీలు వేయండి. అందరూ తొడ మీద తాళం వేయాలి, పాడకుండా ఆగిన దెబ్బలలో కూడా. ఎవరైనా దారి తప్పితే ఆపి మొదటికి తీసుకురాకండి. నోరు మూసుకొని తాళం వేస్తూ ఉండి, తన గుంపు మళ్ళీ మొదటి లైనుకు వచ్చినప్పుడు ఎక్కమనండి. బస్సు తప్పితే తరువాతి బస్సు ఉంటుంది గదా.

మూడు గుంపులు, ఆ తరువాత నాలుగు. ఇంతవరకు మాకు నాలుగు వారాలు పట్టింది. అప్పుడు క్రొత్త చిక్కు వచ్చింది. పాట ఎలా ఆపాలో ఎవరికీ చెప్పలేదు! మొదటిసారి నాలుగు గుంపులూ కుదిరిన ఆనందంలో తిరుగుతూనే ఉన్నారు, కరెంటు పోయేదాకా. ఆపడానికి రెండు మార్గాలున్నాయి. ప్రతి గుంపూ పాటను మూడు సార్లు పాడి ఊరుకోవచ్చు. అప్పుడు మొదటి గుంపు ముందు ఆగుతుంది, నాలుగవ గుంపు గొంతు ఒంటరిగా మిగులుతుంది. మొత్తం 15 ఆవర్తాలు, అంటే సరిగ్గా రెండు నిమిషాలు. లేదా చేయెత్తి సైగ చేసినప్పుడు, ఎవరు ఏ లైనులో ఉంటే ఆ లైను ఏడవ దెబ్బ మీద నిలిచిపోవచ్చు. స, గ, ప కలిసి మోగుతూ ఆగుతుంది. పిల్లలకు రెండవది ఇష్టం. పెద్దలకు మొదటిది.

ఇది హెల్త్ పత్రిక గనుక అడుగుతారు, ఇంతకీ పాడితే ఊపిరితిత్తులు బాగుపడతాయా అని. ఉన్నది ఉన్నట్టు చెబుతాము. సి.ఓ.పి.డి. ఉన్నవారు పాడడంపై జరిగిన పరిశోధనలను 2017లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. వారికి దొరికినవి మూడు చిన్న పరిశోధనలు, మొత్తం 112 మంది. పాడడం వలన హాని కనబడలేదు, శారీరకంగా కొంత మెరుగుగా ఉన్నామని రోగులు చెప్పారు, కాని ఆయాసం తగ్గినట్లు తేలలేదు. ఆధారాలు బలమైనవి కావని వారే వ్రాశారు. కాబట్టి పాట మందు కాదు. ఇన్‌హేలర్ మానవద్దు. బీడీ, చుట్ట మానడానికి పాట బదులు కాదు. కట్టెల పొయ్యి పొగలో ఏళ్ళ తరబడి వంటచేసి, బీడీ ముట్టకుండానే ఈ జబ్బు తెచ్చుకున్న అమ్మలు మా గుంపులో ఇద్దరున్నారు. వారి ఇంట పొయ్యి మార్చడం వందసార్లు పాడడం కన్నా మేలు. పొట్ట ఆపరేషను అయినవారు, హెర్నియా ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగి రావాలి. పాడుతుండగా తల తిరిగినా ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆపి చెప్పాలి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. పాడేటప్పుడు నోటినుండి వచ్చే సన్నని తుంపరలు మామూలు మాటలలో కంటే ఎక్కువ. 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు మౌంట్ వెర్నన్‌లో ఒక క్వయర్ రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవారు 61 మంది. వారిలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. పరీక్షలో తేలినవారు, లక్షణాలను బట్టి గుర్తించినవారు కలిపి 53 మందికి కోవిడ్ వచ్చింది, ఇద్దరు మరణించారు. మన దగ్గర కోవిడ్ తగ్గినా క్షయ వెళ్ళలేదు. అందుకే మా హాలులో సాధన సమయంలో కిటికీలన్నీ తెరిచి ఉంటాయి, చలికాలమైనా సరే, దోమలున్నా సరే. జలుబు, జ్వరం ఉన్నవారు ఆ వారం రాకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకొన్న తరువాతే రావాలి.

ఈ నియమం మేము సరిగా అమలుచేయలేదు. మూడవ గుంపులో ఒక అమ్మకు దగ్గు తగ్గడం లేదని గమనించి, అందరి ఎదుటనే, "మీరు పరీక్ష చేయించుకునే దాకా రాకండమ్మా" అన్నాము. సదుద్దేశమే, కాని ఆమె ముఖం చూసిన తరువాత ఏం చేశామో తెలిసింది. క్షయ అన్న మాట మన ఊళ్ళలో ఇంకా ఎంత బరువో వార్డులో రోజూ చూసేవాళ్ళమే. ప్రక్కకు పిలిచి చెప్పవలసినది. ఆమె పరీక్షకు కూడా పది రోజులు ఆలస్యం చేసింది, మా మీద కోపంతో. పరీక్షలో క్షయ అని తేలింది. ఇంట్లోనివారందరికీ కూడా పరీక్షలు చేయించారు. మేము ఇద్దరమూ ఆమె ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. టీ ఇచ్చింది గాని ఏమీ అనలేదు. ఆరు నెలలు మందులు మానకుండా వాడింది. ఇప్పుడు దగ్గు ఎవరికైనా రెండు వారాలు దాటితే, ఎవరి చెవిలో ఎలా వేయాలో ఆమే చూసుకుంటుంది. అది మేము అప్పగించిన పని కాదు, ఆమె తీసుకొన్నది.

ఆమె లేని నెలల్లో మూడవ గుంపు "గాలీ రావే" లైనును ఎత్తలేకపోయేది. పై స అందేది ఆమెకే. వేరేవారిని పెడదామా అనుకొన్నాము. పాట శృతి తగ్గించుకొని ఊరుకున్నాము. ఆమె డాక్టరుగారి చీటీతో తిరిగి వచ్చిన సాయంత్రం, ఎవరూ చెప్పకుండానే హార్మోనియం మళ్ళీ ఒకటి శృతికి వెళ్ళింది.

ఇప్పుడు రెండవ రౌండు వ్రాస్తున్నాము, ఈసారి క్వయర్ అంతా కలిసి. బోర్డు మీద గళ్ళు గీసి ఉంచాము, వచ్చినవారు తమకు తోచిన స్వరం తోచిన గడిలో వేస్తున్నారు. మాటలు చేతులు కడుక్కోవడం గురించి ఉండాలని నర్సమ్మాయిలు, వంకాయ కూర గురించి ఉండాలని పిల్లలు. ఇంతవరకు వంకాయ కూరదే పైచేయి. మూడవ లైను అయిదవ గడిలో ఎవరో మ వేశారు, మోహనలో మ లేదంటే వినడం లేదు.

బాబాయిగారి విషయం అడిగేవారికి: ఊదే పరీక్షలో అంకెలు నిరుడు ఎలా ఉన్నవో ఇంచుమించు అలాగే ఉన్నాయి. మెట్లు ఎక్కడం కష్టమే. శనివారం మాత్రం తప్పలేదు. ఆయన ఇప్పుడు నాలుగవ గుంపు ముందు కుర్చీలో కూర్చుంటారు, అందరికన్నా చివర ఎత్తుకుంటారు, అందరూ ఆపేసిన తరువాత చివరి మూడు "హాయి"లు ఆ గుంపువే. పోయిన వారం సాధన అయ్యాక మళ్ళీ హార్మోనియం దగ్గరకు వచ్చారు. మా గుండె ఒక్క క్షణం ఆగింది.

"అమ్మా, ఒక ఫిర్యాదు" అన్నారు. "మొదటి గుంపువాళ్ళు పరుగెత్తుతున్నారు. నా మూడు దెబ్బలు రెండున్నరే వస్తున్నాయి. చెప్పండి వాళ్ళకు."

చెప్పాము. సాధన ప్రతి శనివారం సాయంత్రం అయిదున్నరకు, నర్సింగ్ స్కూలు హాలులో. చలికాలం వచ్చేస్తున్నది గనుక శాలువా తెచ్చుకోండి, కిటికీలు తెరిచే ఉంటాయి.